నాన్న బస్సు బోర్డు

ఒరేయ్ కజుమా, నాన్నకివ్వబోయే బస్సు బొమ్మకి స్టిక్కర్లన్నీ అంటించి డ్యూటీకి పోతున్నా. అవి మెత్తబడి బొమ్మకి అతుక్కోడానికి మందు రాశాను కాబట్టి కాసేపు ముడతలు పడతాయి. వేలు పెట్టావో చంపేస్తా! పోయినసారి అలాగే రుద్ది బొమ్మ రైలు మీది నంబరు పచ్చడి చేశావు. ఆరేకొద్దీ అవే సాపవుతాయి.

వాన ఆగాకే మెరుపులేని వార్నిష్ పల్చగా రెండుసార్లు కొట్టు. ఈ ముసురులో కొడితే తెల్లగా మసక పట్టేస్తుంది. ముప్పై రెండేళ్ల డ్రైవరు ఉద్యోగంలో ఆఖరి ట్రిప్పు ముగించుకుని నాన్న ఆరింటికల్లా వస్తారు. పొయ్యి మీద ఉడుకుతున్న ఓదెన్ పులుసు కుండ దించడం మర్చిపోకు. అందులో కోడిగుడ్లు లెక్కపెట్టే వెళ్తున్నా.
— అక్క

అన్నట్టు, బస్సు ముందున్న బోర్డు మీద స్టేషన్ పేరు లేదని కంగారుపడి పీకేయకు. ఆ స్టిక్కరు నేనే అచ్చేశాను. ఈ బస్సు వెళ్లేది ‘మా ఇంటికి’.