పాత క్లచ్ ప్లేటు మీద నీ గీత

నాయనా, నువ్వు పోయి నేటికి ఏడాది. మన చిన్న జీపుకి క్లచ్ జారుతోందని కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ తీసుకెళ్లి, నీ పాత మెకానిక్ దగ్గరే పెట్టాను. ఆయన చూపిన రెండు ప్లేట్లలో ఒకటి మరీ తేలికగా ఉంటే, నకిలీదని వద్దన్నాను. నేను ఎంచుకున్నదాన్ని కూడా మార్చేస్తాడేమోనని నీలాగే ఎదురుగా కూర్చున్నాను.

ఊడదీసిన పాత ప్లేటు మధ్య ఇనుము మీద, పోయినసారి బిగించే ముందు నువ్వు గుర్తుగా మేకుతో గీసిన అడ్డగీత అలాగే ఉంది. ఆ ప్లేటును ఆయన మార్చేశాడని నువ్వు చివరిదాకా అంటూనే ఉన్నావు.

ఆ మాట చెప్పినా ఆయన కోప్పడలేదు. మేకు తెచ్చి నా చేతిలో పెట్టి, కొత్త ప్లేటు చూపిస్తూ, "దీంట్లో కూడా గీయి అమ్మా, మీ నాయన మాదిరి" అన్నాడు.

గీశాను. బిగించేదాకా కళ్లు తిప్పలేదు.