నెలాఖరు సాక్ష్యం

పాస్టరు గారికి, రాంనగర్ నుంచి మీ సంఘపు సోదరి వందనాలు.

సాక్ష్యం చెప్పాలని ఉంది కానీ నలుగురిలో నాకు మాట రాదు. ఆదివారం ఈ ఉత్తరం మీరే చదివి వినిపించండి.

ఈ నెల మొదట్లో అశోక్ నగర్‌లో స్లాబు వేస్తూ మా ఆయన కింద పడ్డాడు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఇల్లు నా కూలి మీదే నడుస్తోంది. అయినా దేవునికి స్తోత్రం. పన్నెండేళ్లుగా ఆదివారాలు కూడా పనికే పోయిన మనిషి, "ఇంట్ల ఒక్కన్నే ఏం జెయ్యాలె, నేను గూడ వస్త" అంటూ కట్టు కాలితో మందిరానికి బయలుదేరాడు. పాటల్లో రాగం తప్పి గట్టిగా వినిపించే గొంతు ఆయనదే.

మొన్న ఆ కాలు వెంటనే బాగుపడాలని మీరు ప్రార్థిస్తే నేను ఆమెన్ అనలేదు. ఇంకో నాలుగు ఆదివారాలు ఆగమని దేవుణ్ని అడిగాను.

ఈ ముక్క మాత్రం చదవకండి. ఆయన ముందు వరుసలోనే కూర్చుంటున్నాడు.