నాలుగు బిట్లు, ఎనిమిది బెజ్జాలు

1974 ఫిబ్రవరి 4, సోమవారం. ఉదయం 6.
నేటి నుంచి ఉలి ముట్టను! నలభై ఏళ్లు కొట్టింది చాలు.
బోధన్‌లో సామాన్ల దుకాణం ఇషాక్ దగ్గర, కర్రకు బెజ్జం తవ్వే కరెంటు మిషన్ కొన్నాను. దాని మూతికి తగిలించి తవ్వే బిట్లు నాలుగు ఇచ్చాడు. ఏది దేనికో చెప్పాడు. సగమే అర్థమైంది. అడగడానికి సిగ్గేసి తల ఊపి వచ్చాను.
ఉలిని నా భార్య రుక్మాబాయి పెట్టెలో వేసి తాళం వేయించాను. "నేనడిగినా ఇయ్యకు" అన్నాను.

9 గంటలు.
పాత మంచం విప్పేశాను. మంచానికి కొత్త టేకు కోళ్లు నాలుగు. కోడుకు రెండేసి బెజ్జాలు. లోతు మూడు వేళ్లు. పట్టెల కొసలు అందులో బిగియాలి.
"మోకాళ్ల నొప్పులదాన్ని. కింద ఎన్ని దినాలు పండాలె?"
"ఒక్క రాత్రి."

5, మంగళ.
పొట్టి లావు బిట్టు. వెన్నలో దిగినట్టు దిగింది! ఒక వేలు లోతు పోయి ఆగింది. పొడుగు చాలదు.
సన్న పొడుగు బిట్టు. మూడు వేళ్లూ ఒకేసారి దింపాను. కూత. పొగ. బిట్టు నల్లబడి వంగింది.
"ఏందయ్యా, ఇల్లు తగులవెడుతున్నవా?"
లేదన్నాను.

6, బుధ.
తొందర పనికిరాదు. ముందు వేరే కర్రల మీద చూశాను.
రోకలి.
తలుపు గడియ.
పీట.
రుక్మాబాయి పీట ఎత్తి, దాని బెజ్జంలోంచి నన్ను చూసింది.

7, గురు.
ఉపాయం దొరికింది! మూడో బిట్టు రెండు వేళ్లు దిగుతుంది. కోడు మందం నాలుగు వేళ్లు. అటు నుంచి రెండు, ఇటు నుంచి రెండు తవ్వితే మధ్యలో కలవాలి.
కలవలేదు. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోయాయి. ఒక కోడు పాడు.
నాలుగో బిట్టు ఉంది. దుకాణంలో చూశాను, పొడుగు, దిట్టం, తళతళ. అదీ వంగుతుందేమోనని కాగితం విప్పలేదు.

8, శుక్ర.
కూరగాయల కత్తితో కొంచెం గీకాను. కత్తి ఉలి కాదు కదా.
కత్తి మొన విరిగింది.

9, శని. బోధన్.
ఇషాక్‌ను అడగాలనే పోయాను.
"ఏం గావాలె నర్సన్నా?"
దుకాణం నిండా చెరుకు బండ్ల వాళ్లు. వాళ్ల ముందు అడగలేకపోయాను. తలుపు బందులు రెండు కొనుక్కొచ్చాను. మంచానికి బందులు ఉండవు.

10, ఆది.
రుక్మాబాయి గోడ పట్టుకుని లేచింది. పెట్టె తీసి ఉలి నా ముందు పడేసింది.
"ఒక్క రాత్రి అన్నవు. ఆరైనయ్. నువ్వు మాటిచ్చింది నాకా, మిషన్‌కా?"
"నీకే."
ఉలి పట్టాను. చేతికి అన్నీ గుర్తున్నాయి. మూడింటికల్లా మంచం నిలబడింది. కొత్త కోళ్లు మూడు, పాతది ఒకటి. కొంచెం ఊగుతుంది.
ఆమె కాళ్లు చాపుకుని పడుకుంది. "పానం లేసొచ్చిందయ్యా" అంది.

11, సోమ.
ఇషాక్ ఇటు పోతూ మా ఇంటి దగ్గర ఆగాడు. వంగిన బిట్టు చూసి తల కొట్టుకున్నాడు.
"ఒక్కసారే దింపుతరా భాయ్? జరంత జరంత, నాలుగుసార్ల దింపాలె. పొట్టు ఊదుకుంట పోవాలె. గందుకే గదా నీకు నాలుగోది ఇచ్చిన!"
కాగితం విప్పాను. పాడైన కోడు మీద పెట్టాను. నాలుగుసార్లు. మూడు వేళ్లు. అద్దంలా ఉంది బెజ్జం!

సాయంత్రం 4.
నేటి నుంచి ఉలి ముట్టను! ఈసారి ఉలిని ఇషాక్ చేతికే ఇచ్చి పంపాను.
ఇక మిషన్‌కు కావలసింది మంచి టేకు. ఇంట్లో ఉన్నది మంచం ఒక్కటే. అది ఊగుతోంది కూడా.
"ఒక్క రాత్రి" అన్నాను.

6 గంటలు.
రుక్మాబాయి మంచం దిగడం లేదు. అన్నం కూడా దాని మీదే తింటోంది.