గుండె ఎత్తులో డబ్బీ

మార్చి 12, మంగళవారం

గుండె వార్డు నర్సమ్మకు, ఏడో మంచం పిన్ని మనసారా దీవించి రాయునది.

ఇక్కడ నేనూ మీ బాబాయీ క్షేమం. తిన్నది అరుగుతోంది. నోరు కూడా మునుపటిలాగే పనిచేస్తోందని రాయమంటున్నారు ఆయన. నువ్వు వేళకు తింటున్నావా? నీ సంగతి నాకు తెలుసులే.

నిన్న మిషను ముందు కూర్చుని ఒక జాకెట్టుకు చేతులు కుట్టాను. ఊరందరికీ కుట్టేదాన్ని, నా ఛాతీకే కుట్లు పడ్డాయి. పనితనం పర్వాలేదు, చివర్న కాస్త వంకర పోయింది. పెద్దడాక్టరు గారితో అనకు.

అసలు విషయానికి వస్తాను. ఆపరేషనైన మర్నాడు నేను మగతలో ఉన్నాను కదా, ఆ రోజు సంగతంతా మీ బాబాయి చెబితేనే తెలిసింది. నా మణికట్టులో ఒక సన్నగొట్టం, మెడలో ఇంకొకటి. లోపలి నెత్తురు ఒత్తిడి వాటిలోని నీళ్ల గుండా, పక్కన స్టాండుకు బిగించిన చిన్న డబ్బీకి చేరి, తెర మీద అంకెలుగా పడుతుందని నువ్వే చెప్పావు. ఆ పూట రెండు అంకెలూ ఉన్నట్టుండి పడిపోయాయట. లోపల నెత్తురు కారుతోందేమో, ఛాతీ మళ్లీ తెరవాలని పెద్దడాక్టరు గారు ఆపరేషను గదికి కబురు పంపించారట. 

నువ్వు మాత్రం తెర వంక కాక నా వంక చూశావట. అరిచేతులు వెచ్చగా ఉన్నాయి, మూత్రం బాగానే వస్తోంది, పైగా దుప్పటి సరిగా కప్పలేదని ఆ మగతలోనే నిన్ను తిడుతున్నానట. ఇంత తిట్టే మనిషికి ఏమవుతుందని నీకు అనుమానం. వంగి చూస్తే మంచం కిందికి దిగి ఉంది, డబ్బీ మాత్రం పాత ఎత్తులోనే ఉంది. అది గుండె కన్నా పైన ఉంటే అంకెలు ఉత్తుత్తినే తగ్గి కనిపిస్తాయట. భుజం మీద పెట్టాల్సిన టేపు చెవి దగ్గర పెట్టి కొలిస్తే ఇంకేముంది! డబ్బీని నా గుండెకు సమానంగా దించి, కొలతను మళ్లీ సున్నా నుంచి సరిచేశావు. అంకెలు మామూలయ్యాయి. ఛాతీ తెరిచే పని తప్పింది.

మంచం దించి డబ్బీని మరిచిందెవరని పెద్దడాక్టరు గారు అడిగితే నేనేనని ఒప్పుకున్నావట. అందరి ముందూ చీవాట్లు తిన్నావు. మంచాల దగ్గరికి రానివ్వకుండా నిన్ను మందుల గదిలో కూర్చోబెట్టారని ఆయా చెప్పింది. మరిచింది నువ్వే అయినా కనిపెట్టిందీ నువ్వేగా! నాకైతే కడుపు మండిపోయింది.

నీకు కృతజ్ఞతలు ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదమ్మా. ఇవాళ మిషను తొక్కుతున్నానంటే నీ చలవే. నీ జాకెట్టు ఆది ఒకటి పంపు, నా చేత్తో కుట్టి ఇస్తాను.

ఇట్లు,
నీ వల్ల బతికి, నీ మీదే కేకలేసిన
ఏడో మంచం పిన్ని

తా.క.: కవరు అంటించబోతుంటే మీ బాబాయి ఏడ్చేశారు. మంచం దించింది తనేనట. నాకు చెవులు సరిగా వినపడవు కదా, స్టూలు మీద కూర్చుని చెవిలో మాట్లాడదామని మంచం దించే బటను నొక్కారట. నిజం చెప్పబోతే నువ్వు చెయ్యి పట్టుకుని ఆపేశావట.

"మీరని తెలిస్తే లోపలికి రానివ్వరు బాబాయ్. పిన్ని కళ్లు తెరిస్తే ఎవరి కోసం వెతుక్కుంటుంది?" అన్నావట.

నేను కళ్లు తెరిచినప్పుడు ఆయన అక్కడే ఉన్నారమ్మా.

ఈ ఉత్తరం ఆయనే తెస్తున్నారు. నీ చేతికిచ్చి, అటునుంచటే పెద్దడాక్టరు గారి గదికి వెళ్తారు. ఈసారి ఆపకు. ఆయన తిట్లు ఆయన్ని తిననివ్వు.