మా పెద్దోడు

శాలిబండ,
ఆదివారం.

ప్రియమైన బేబీకి,

ప్రభువు పేరట వందనాలు. నేను, జోయెల్, చింటు ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. ఆ కువైట్ ఎండల్లో నువ్వు కూడా చల్లగా ఉండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాం. ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వుకోకు. ఉన్నది ఒక్క గది. నేనేం మాట్లాడినా పిల్లల చెవిన పడుతుంది.

నీతో పనిచేసే విమలాదేవి చేతికిచ్చి పంపిన ప్యాంట్లు అందాయి. పద్నాలుగేళ్ల పిల్లాడికి సరిపోతాయా అని అడిగావు. జోయెల్‌కు జానెడు పొడుగయ్యాయి. చింటుకు మాత్రం కొలిచి కుట్టినట్టున్నాయి. పన్నెండేళ్లకే నా చెవిదాకా వచ్చాడు, తాటిచెట్టు! వాడికి పొట్టివైన చొక్కాలు ఇప్పుడు జోయెల్ తొడుక్కుంటున్నాడు. "మస్తున్నయి బాపు" అంటాడు. మగపిల్లాడి చొక్కా అయితే చాలు వాడికి, పాతదైనా సరే.

డాక్టరమ్మ ఏమందని కదా నీ బెంగ. ఆ ఇంజెక్షన్ ఈడు రాకుండా ఆపుతుంది కాబట్టి, ఆ ఈడులో పిల్లలు ఒక్కసారిగా సాగే ఎత్తు కూడా రాదట. చిన్నపిల్లల్లా మెల్లగానే పెరుగుతాడట. ఎముకల కొసలు ఇంకా మూసుకోలేదు, ముందుముందు మందు మార్చినప్పుడు పెరగొచ్చు, ఎంతని మాత్రం మాటివ్వలేనంది. ఎముకల గట్టిదనం కూడా తోటిపిల్లలంత పెరగడం లేదట. ఆపేద్దామా అని వాడినే అడిగింది.

"వద్దు మేడం. పొట్టిగుంటే ఉంట. గా ఆడిపిల్ల ఒళ్లయితే నాకొద్దు" అన్నాడు.

నాకు భయంగానే ఉంది బేబీ, దాచడమెందుకు.

దాచింది ఇంకొకటుంది. జోయెల్ పాతపేరు పట్టుకుని "నీ బిడ్డ షారోన్ పిల్లగాడైందట గదా" అనే మాటలు పడలేకే కదా ఛత్రినాక వదిలి ఇక్కడికొచ్చాం. వచ్చిన రోజే ఇంటి ఓనరు నాగమణమ్మ పిల్లలిద్దరినీ ఎగాదిగా చూసి, "వీళ్లల్ల పెద్దోడెవలు సామ్యూల్?" అంది. జోయెల్ అని చెబితే, మరి ఎందుకు ఎదగలేదంటుంది, ఏం మందులంటుంది, అంతా బయటపడుతుంది. "చింటే పెద్దోడమ్మా" అనేశాను. పక్కనే నిలబడ్డ జోయెల్ బిందె ఎత్తుకుని లోపలికెళ్లాడు. ఆ గొడవల్లో వాడి చదువు రెండేళ్లు ఆగి, ఇద్దరిదీ ఒకే క్లాసైంది కదా, ఎవరికీ అనుమానం రాలేదు. గల్లీలో, చర్చిలో అదే మాట ఖాయమైపోయింది.

నిన్న మెట్లమీద జోయెల్ "చింటూ" అని పిలిస్తే నాగమణమ్మ గదమాయించింది. "ఏంరా, అన్నను పేరు పెట్టి పిలుస్తవా? గిదేం పద్ధతి?"

చింటు ఊరుకోలేదు. "ఆంటీ, నేను అన్నను..."

జోయెల్ వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "తప్పైంది ఆంటీ" అని, చింటు వైపు తిరిగి, "దా అన్నా, తిందాం" అన్నాడు. లోపలికొచ్చాక చింటే ఏడ్చాడు.

నువ్వు విమానమెక్కే రోజు జోయెల్ నీ సంచి మోస్తూ ఏమన్నాడు? "ఫికర్ చేయకమ్మా, పెద్దకొడుకును నేనున్న గదా." ఇంజెక్షన్లకు, జనం మాటలకు ఓర్చుకుని వాడు కోరుకుంది ఆ ఒక్క మాట. దాన్ని నేనే ఊడబెరికాను. నా నోరు పడిపోను!

"నాగమణమ్మకు నిజం చెప్త బిడ్డా" అన్నాను.

"వద్దు బాపు. మళ్ల ఇల్లు మారాలె. నాకు ఎత్తొచ్చేదాంక గిట్లనే ఉండనీ" అన్నాడు.

నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. నువ్వే చెప్పు బేబీ. ఈ పొద్దున ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం. తలుపు వేసే ఉంది. జోయెల్ దుప్పటి లాగుతూ తమ్ముణ్ని లేపాడు.

"అన్నా, లే. చర్చికి టైమైంది."

ఇట్లు,
వాళ్లిద్దరి బాపు,
సామ్యూల్