గార్డియన్ నంబర్

ఖమ్మం,
హాస్టల్ మేడ మీద నుంచి.

నా బంగారు అక్కా,

ఈ ఉత్తరం నీ చేతికి యశోద వదినే ఇచ్చి ఉండాలి. ఇంకెవరైనా ఇస్తే చదవకుండా పొయ్యిలో పడెయ్. వదిన ఆశా వర్కర్ కాబట్టి మందుల సంచితో మన ఇంటికి వచ్చినా బావకు అనుమానం రాదు. ఫోన్లుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మన ఊళ్లో సిగ్నల్ దొరికేది బావ కిరాణా కొట్టు గడ్డ మీదే, మోగేది బావ ఫోనే. నీతో మాట్లాడాలంటే ముందు ఆ మహానుభావుడితో మాట్లాడాలి.

అక్కా, నీ వీపు గురించి ఒకరికి చెప్పాను. కోప్పడకు, మొత్తం విను. దసరాకు వచ్చినప్పుడు నువ్వు స్నానం చేస్తుంటే చూశాను. "గంజి వంపుతుంటే మీద పడ్డదే" అన్నావు. గంజి వంపుతుంటే కాళ్ల మీద పడుతుంది గానీ వీపు మీద ఎలా పడుతుందే? ఎవరైనా పోస్తేనే పడుతుంది. ఆ సాయంత్రమే బావ నన్ను కొట్టు వెనక్కు పిలిచి, "మీ అక్కకు పిల్లలు పుట్టరు. నీ సదువు కాంగనే నిన్ను చేసుకుంట. ఇంట్ల ఇద్దరుంటే పనికి గూడ ఆసరా" అన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. నేను కొరికాను. దవడ పగిలేలా కొట్టాడు. పన్ను నొప్పి అని నీకు చెప్పిన వాపు అదే. అక్కాచెల్లెళ్లం ఒకరికొకరం బాగానే అబద్ధాలు చెప్పుకున్నాం.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. క్లాసులో ఎవరైనా బెంచీ మీద పుస్తకం గట్టిగా వేస్తే లేచి బయటికి పరుగెత్తుతున్నాను. హాజరు తగ్గిందని మా యూనివర్సిటీ వాళ్లు నన్ను విద్యార్థి సహాయ కేంద్రానికి పంపారు. ఏసీ గది, మెత్తటి సోఫా, గోడ మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు. అక్కడ రోజారాణి మేడం ఉంటుంది. కష్టమున్న పిల్లల మాట వినడమే ఆమె ఉద్యోగం. "ఏం చెప్పినా ఈ గది దాటదమ్మా, మనసులున్నది చెప్పు" అంది. నాన్న పోయాక నువ్వు తప్ప ఎవరూ నాతో అంత మెల్లగా మాట్లాడలేదు. ఏడ్చేశాను. అన్నీ చెప్పేశాను. నీ వీపు, నీకు పిల్లలు పుట్టకపోవడం, బావ నన్ను అడిగింది, అన్నీ. నేను చెబుతుంటే ఆమె కంప్యూటర్లో టైపు చేసుకుంది.

మనం చేయబోయేది కూడా చెప్పాను. వచ్చే సంత రోజు నువ్వు ఇప్పపూలు అమ్ముతానని చర్ల రా. పూలు అమ్మకుండానే బస్సెక్కు. కొత్తగూడెంలో దిగు, బస్టాండులో నేనుంటాను. నా స్నేహితురాలు మధులత వాళ్ల నాన్న బొగ్గుబావిలో పని చేస్తాడు. వాళ్ల క్వార్టర్ వెనక రేకుల గది ఖాళీగా ఉంది. వాళ్లమ్మ నిన్ను ఉంచుకుంటానంది. బట్టలు మూట కట్టకు, ఎవరైనా చూస్తారు. పూల గంపతోనే వచ్చెయ్. ఈసారి "ఎట్లనే భానూ" అన్నావంటే నేనే వచ్చి ఈడ్చుకొస్తాను.

నీ కోసం కాచుకుని ఉండే
భాను

*

ఖమ్మం.

అక్కా,

నువ్వు బతికే ఉన్నావని యశోద వదిన ఫోన్లో ఒట్టేసి చెబితే గానీ నమ్మలేదు. గొడ్డలి తిరగేసి కామతో కొట్టాడట. ఎడమ చెయ్యి విరిగిందట. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టానని, పెద్ద దవాఖానాకు పోనివ్వడం లేదని వదిన ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. కోపం గొంతు దాకా ఉంటే ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది?

సంత రోజు పొద్దున నేను కొత్తగూడెం బయలుదేరి గేటు దాటుతుంటే బావ బండి మీద కూర్చుని ఉన్నాడు. అంతకు ముందు సాయంత్రమే నిన్ను కొట్టి వచ్చాడని నాకప్పుడు తెలియదు. నవ్వుతూ పిలిచాడు. దగ్గరకు వెళ్లానో లేదో జడ పట్టుకుని నా తల గేటు చువ్వలకేసి బాదాడు. కనుబొమ్మ చీలింది. కింద పడితే కడుపులో తన్నాడు. "ఏందే, బావ మీద కంప్లైంట్ రాపిస్తున్నవా? మీ మేడం నాకే పంపింది, సదువు!" అని ఫోన్ మొహం మీద పెట్టాడు. కంట్లోకి రక్తం కారుతోంది, అయినా చదివాను.

"గౌరవనీయులైన గార్డియన్ గారికి, మీ అమ్మాయి తన అక్కపై బావ చేస్తున్న హింస వల్ల, అక్క సంతానలేమి కారణంగా తనను రెండో పెళ్లికి ఒత్తిడి చేయడం వల్ల ఆందోళనతో బాధపడుతోంది. సంత రోజున అక్కను కొత్తగూడెం తరలించే ఆలోచనలో ఉంది. ఇంట్లో ప్రశాంతమైన వాతావరణం కల్పించి సహకరించగలరు." బాగా సహకరించాడు.

గుర్తుందా, నేను ఇక్కడ చేరేటప్పుడు గార్డియన్ నంబర్ అడిగితే బావ నంబరే ఇచ్చాం. మన ఊళ్లో చదువుకునే ఏ పిల్లకైనా తండ్రి నంబర్ అదే కదా. అందరి మార్కులూ, అందరి జ్వరాలూ ఆ ఫోన్‌కే వస్తాయి. ఆయన కొట్టు ముందు నిలబడి అరిచి చెబుతాడు, పొలం నుంచి ఎవరో ఒకరు వచ్చి వింటారు. అది మనకు వింత కాదు. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందని మేడం అడగలేదు. చెప్పాలని నాకూ తట్టలేదు.

వాచ్‌మన్ వచ్చి లాగితే గానీ వదల్లేదు. పోతూ పోతూ, "ఇప్పపూలు ఏరుడు అయ్యేలోపల ఇంటికి రా. నువ్వొస్తే దాన్ని ముట్టుకోను. రాకుంటే అడవిల పాతిపెడ్త, ఎవడడుగుతడో సూస్త" అన్నాడు.

ఆ నెత్తురు మొహంతోనే రోజారాణి మేడం దగ్గరకు వెళ్లాను. ఆమె లేచి నిలబడింది. భయపడిందో బాధపడిందో తెలియదు. "నేను పంపలేదమ్మా. కేసు సీరియస్ అని నేను మార్క్ చేస్తే సిస్టమే గార్డియన్‌కు పంపుతది. చేరేటప్పుడు నువ్వు టిక్ పెట్టినవ్ గదా" అంది. నేను టిక్ పెట్టింది మార్కులు పంపమని. మా అక్క వీపు పంపమని కాదు. అదే అన్నాను. అప్పుడు లోపలి నుంచి వాళ్ల డైరెక్టర్ వచ్చి ఒక కాగితం ముందు పెట్టాడు. నా ఇష్టంతోనే సమాచారం ఇంటికి పంపారని సంతకం చేస్తే హాజరు సంగతి చూసుకుంటాడట. నేను కుర్చీ ఎత్తి కంప్యూటర్ మీద వేశాను. తెర పగిలింది. ఇంకోసారి వేశాను. సెక్యూరిటీ వాళ్లు చేతులు విరిచి పట్టుకునే దాకా వేస్తూనే ఉన్నాను. తప్పని ఇప్పటికీ అనిపించడం లేదు.

నన్ను సస్పెండ్ చేశారు. మనసు స్థిమితంగా లేదని రాశారు. గార్డియన్ వచ్చి తీసుకుపోవాలని మెసేజ్ పంపారు. ఎవరికి పంపారో చెప్పాలా?

అందుకే అక్కా, నేను వచ్చేస్తున్నాను. ఆదివారం బస్సుకు. ఆయన అడిగినట్టే ఉంటాను. నాకు ఒళ్లు గట్టిదే, నీ అంత సన్నగా లేను, దెబ్బలకు తట్టుకుంటాను. నేను ఇంట్లో అడుగుపెట్టిన రోజే నువ్వు బయటపడాలి. రేకుల గది నీ కోసం ఇంకా ఉంది, మధులతకు చెప్పి ఉంచాను. నన్ను పెంచింది నువ్వు. నీ కోసం ఈ మాత్రం చేయలేకపోతే నా చదువెందుకు? నాకు ఎదురు చెప్పకు.

నీ
భాను

*

భద్రాచలం,
దవాఖానా.

భానూ,

ఆదివారం బస్సెక్కావంటే నీ కాళ్లు విరగ్గొడతాను. ఉత్తగా అనడం లేదు. మొన్న ఒక కాలు విరగ్గొట్టాను, ఎలాగో తెలిసింది.

ఈ కాగితం యశోద వదిన ఖమ్మం వచ్చి నీ చేతిలో పెడుతుంది. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో మాట్లాడతావు, నన్ను పూర్తి చేయనివ్వవు. ఆశ్రమ పాఠశాల వదిలాక ఇంత రాయలేదు. అక్షరాలు వంకరపోతే నవ్వకు.

నీ ఉత్తరం మొన్న పొద్దున చదివాను. పొయ్యిలో పెట్టి లేచేసరికి ఆయన కొట్టు దగ్గర నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. "నీ చెల్లెను ఎల్లగొట్టిండ్రంటనే. గార్డియన్ వచ్చి తోలుకపొమ్మని సర్కారోళ్లే రాసిండ్రు. గార్డియన్ ఎవడే? నేనే గద!" అని కొత్త చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. పెళ్లికి పోయేవాడిలా సెంటు కొట్టుకున్నాడు. నన్ను కొట్టినప్పుడల్లా భయపడ్డాను గానీ, ఆ సెంటు వాసనకు మాత్రం నాకు భయం పోయింది.

ఆయన బండెక్కి కిక్కు కొడుతున్నాడు. వాకిట్లో రోలు పక్కన రోకలి ఉంది. కుడి చేత్తో తీసుకుని మోకాలి మీద వేశాను. బండి ఆయన మీద పడింది. "లంజా" అని నా కొంగు పట్టి లాగాడు, నేనూ పడ్డాను, కట్టు కట్టిన చెయ్యి నేలకు తగిలి ప్రాణం పోయినంత పనైంది. మళ్లీ లేచి అదే మోకాలి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. నా చెయ్యి విరిగినప్పుడు విన్నాను కాబట్టి గుర్తుపట్టాను. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. నన్ను కొట్టినప్పుడు ఎలా చూశారో ఇప్పుడూ అలాగే చూశారు. ఎర్రమ్మ అత్త ఒక్కతే, "చాలే, సచ్చిపోతడు" అంది. చంపుదామనే రోకలి పైకెత్తబోయాను. నీ మొహం గుర్తొచ్చి ఆగానని రాస్తే నీకు బాగుంటుంది. కానీ నిజం చెబుతున్నాను, ఒంటి చేతికి బరువై పైకి లేవలేదు.

వదిన అంబులెన్స్ పిలిపించింది. ఇద్దరినీ అందులోనే వేశారు. దారంతా ఆయన అరుస్తూనే ఉన్నాడు, నేను ఆ అరుపులు వింటూ పడుకున్నాను. ఇక్కడ నాకు పిండికట్టు వేశారు. ఆయనకు ఆపరేషన్ అన్నారు, లేచి నడవడానికి నెలలు పడుతుందట. ఎస్సై వచ్చి అడిగితే, "నేనే కొట్టిన. కాళ్లు రెండూ ఇరగ్గొడదామనుకున్న, ఒక్కటే అయింది" అన్నాను. నా మీద కేసు రాశాడు. నేను చెప్పింది విని ఆయన మీదా రాశాడు. జైలుకు పంపితే పోతాను. అక్కడ గంజి మీద పోసేవాళ్లుండరు.

ఇప్పుడు నీ సంగతి. నాకు ఆయన మీద ఎంత కోపముందో నీ మీదా కొంచెం ఉంది. నా చెయ్యి విరగ్గొట్టిన రోజు ఆయన నన్ను ఊరికే కొట్టలేదు. మీ మేడం పంపింది ఒక్కో ముక్క పైకి చదవడం, ఒక దెబ్బ వేయడం. సంతానలేమి అంటే ఏమిటో ఆయనకు తెలియలేదు. ఆపి నన్నే అడిగాడు. చెప్పాను. దానికీ కొట్టాడు. దెబ్బలు నాకు అలవాటే. కానీ నా ఒంటి సంగతులు నేనెప్పుడూ చూడని ఒక మనిషి మాటల్లో వింటుంటే బట్టలిప్పి సంతలో నిలబెట్టినట్టయింది. ఆ మేడం నిన్ను అడగకుండా పంపిందని కుర్చీతో కంప్యూటర్ పగలగొట్టావు. మంచి పని చేశావు. మరి నువ్వు చెప్పేటప్పుడు నన్ను అడిగావా? ఆ వీపు నాదే కదా భానూ.

నువ్వు ఏడుస్తావని తెలుసు. ఏడువు, తర్వాత మొహం కడుక్కుని ఇది చదువు. నువ్వు రాకు. మీ డైరెక్టర్ కాగితం మీద సంతకం పెట్టకు. వాళ్ల మీద పోలీసులకు, ఇంకా పైవాళ్లెవరుంటే వాళ్లకు ఫిర్యాదు పెట్టు. అందులో నా పేరు రాయి, చిన్నక్క అని. గంజి సంగతి రాయి, గొడ్డలి కామ సంగతి రాయి, చెయ్యి విరిగిన సంగతి రాయి. ఇవి నేను చెప్పమంటున్నాను కాబట్టి రాయి. మన ఊరి పిల్లలందరి కాగితాల మీదా ఆ నంబరే ఉంది, అది తీసేయించు. ఎవరి నంబర్ పెట్టాలో ఆ పిల్లలనే అడగమను.

ఒక్కటి మాత్రం రాయొద్దు. నాకు పిల్లలు పుట్టరని మేడంతో చెప్పావు. ఆయన చెప్పిందే నువ్వూ నమ్మావు. నా కడుపు రెండుసార్లు పండింది. రెండుసార్లూ ఆయన తన్నుకే పోయింది. మొదటిది ఆడపిల్ల, వాగు ఒడ్డున వదినా నేనూ పూడ్చాం. ఇది వదినకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు చెప్పాను. రేపు ఎస్సై మళ్లీ వస్తాడు, ఎస్సైకి నేనే చెప్పాలనుకుంటున్నాను. చెప్పగలనో లేదో తెలియదు. నేను నోరు విప్పేదాకా ఇది నీ దగ్గరే ఉండాలి.

మీ అక్క
చిన్నక్క