రోజుకో లెన్సు

డిసెంబర్ 8, సోమవారం. ఉదయం 6.10
లేచాను! హైదరాబాద్‌లో సినిమా గ్రాఫిక్స్ చేసే షైనీ మేడమ్ పంపిన కెమెరా లెన్సులు ఆరూ బల్ల మీద ఉన్నాయి. ప్రతి లెన్సూ తిన్నని గీతను కాస్త వంచుతుంది. ఎంత వంచుతుందో తెలిస్తేనే గ్రాఫిక్స్ పులి నేల మీద కుదురుగా నిలబడుతుంది. లేకపోతే జారుతుంది. అందుకే నలుపు తెలుపు గడుల బోర్డు పెట్టి, ఒక్కో లెన్సుతో ఫొటో తియ్యాలి. శనివారం లోపు ఆరింటి ఫొటోలూ సరిగ్గా పంపితే మేడమ్ దగ్గర ఉద్యోగం. పెళ్లి ఆల్బమ్‌లకు ఇక సెలవు.
నియమం: పొద్దున ఏడింటికి, రోజుకో లెన్సు.
ఈ రోజు బోర్డు తయారు చేస్తా. లెన్సు రేపు.

9, మంగళవారం. 8.40
చలి. రేపు రెండు తీస్తా.

10, బుధవారం. 7.15
లేచా. మేడ మీద బోర్డు పడుకుని ఉంది. దాని నిండా కందులు.
"గిదేందమ్మా?"
"ఎండకు పోసిన. మంచిగ గడులు గడులున్నయ్, గడికో పిడికెడు."
అమ్మను కాదనలేం కదా. రేపు మూడు.

11, గురువారం
గాలి. బోర్డు ఊగింది.
(గాలి లేదు. డైరీకి కూడా అబద్ధం చెప్తున్నా.)

12, శుక్రవారం
తీసినవి: 0. తాగిన చాయ్‌లు: 9.

13, శనివారం. 11.30
గంటన్నరలో ఆరూ తీసేశా! గీతలు ఎంత అందంగా వంగాయో. లెన్సులు పన్నెండు గంటల బస్సులో వెనక్కి వెళ్లాలి. ఇంట్లో నెట్ లేదు. కెమెరా కార్డు ఆసిమ్ భాయ్‌కి ఇచ్చి, ఫొటోలు మేడమ్‌కి పంపమన్నా. నేను ఆల్బమ్‌లు చేసేది ఆయన ఫొటో స్టూడియోలోనే.

సాయంత్రం 5.00
మేడమ్ ఫోన్. "అంకితా, ఆరింట్లో ఒక్క గీత కూడా వంగలేదు. ఇట్లాంటి లెన్సులు లోకంలో లేవు."
స్టూడియోకి ఉరికా. ఆసిమ్ భాయ్ నవ్వుతున్నాడు.
"గీతలన్నీ టేడా వచ్చినయ్ బేటీ. నీ ఇజ్జత్ పోతదని ఒక్కొక్కటి సీదా చేసిన. మూడు గంటలు కూసున్న."
"అసలువి ఏవి భాయ్?"
"వంకరవి ఎందుకని డిలీట్ కొట్టిన."

14, ఆదివారం
రాత్రంతా ఆయన్ని తిట్టుకున్నా. పొద్దునకి బుర్ర పనిచేసింది. సోమవారమే ఒకటి తీసుంటే, ఆయన సోమవారమే సీదా చేసేవాడు, మేడమ్ మంగళవారమే పట్టేసేది. మిగతా అయిదూ బతికేవి. తప్పు నాదే. ఏడుపొచ్చింది. మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశా.
ఆమె, "రేపటి బస్సులో ఒక్క లెన్సే పంపుతా. దాని ఫొటో వస్తేనే రెండోది," అంది.

15, సోమవారం. ఉదయం 6.05
లేచాను! నియమం: రోజుకో లెన్సు. ఈసారి తప్పేది లేదు.
బస్సు పదకొండింటికి వస్తుంది. అందాకా కాస్త పడుకుంటా.